గైడ్ వెంట ఒక్కరే: టెక్సస్ తీరంలో కయాక్ మీద చేపలవేట

హ్యూస్టన్, ఆస్టిన్, సాన్ ఆంటోనియో నగరాల్లో స్థిరపడిన మనవాళ్లలో పంట కాలువ గట్టు మీద వెదురు కర్రకు బెండు కట్టి గాలం వేస్తూ పెరిగినవారు చాలామందే ఉన్నారు. అలాంటివారికి ఇక్కడికి వచ్చాక ఏదో ఒకరోజు సముద్రం వైపు మనసు లాగుతుంది. సొంత పడవ కొనే స్తోమతా, దాన్ని నిలుపుకునే చోటూ లేనివారికి కయాక్, అంటే ఒక్కరే తెడ్డు వేసుకుని నడిపే సన్నని చిన్న పడవ, చక్కని దారి. అయితే తోడు వచ్చే స్నేహితుడు దొరకడం కష్టం. వారాంతంలో తెల్లవారుజామున మూడు గంటలకు లేచి, హ్యూస్టన్ నుంచి మూడు గంటలకు పైగా, సాన్ ఆంటోనియో నుంచి రెండున్నర గంటలు కారు నడిపి, ఉప్పునీటిలో తడవడానికి అందరూ ఇష్టపడరు. కాబట్టి ఒంటరిగా వెళ్లదలచినవారు మొదటి ఒకటి రెండుసార్లు గైడ్‌ను పెట్టుకుని ఎలా వెళ్లాలో, ఆ రోజును ఎలా వాడుకోవాలో ఇక్కడ వివరిస్తాను. నాకు బాగా తెలిసిన చోటు అరాన్సస్ పాస్, పోర్ట్ అరాన్సస్ ఊళ్ల మధ్య ఉన్న లైట్‌హౌస్ లేక్స్ కనుక ఉదాహరణలన్నీ అక్కడివే ఇస్తాను.

ముందుగా నా అభిప్రాయం చెబుతాను. గైడ్‌కు ఇచ్చే డబ్బును చేపల ఖరీదుగా లెక్కవేసుకుంటే ఆ బేరం ఎప్పుడూ గిట్టదు. ఆ డబ్బుతో హెచ్.ఇ.బి. దుకాణంలో నెలకు సరిపడా చేపలు వస్తాయి. ఒంటరిగా వెళ్లే మనిషి గైడ్ దగ్గర కొనుక్కోవలసింది, మరోసారి గైడ్ లేకుండా వెళ్లి క్షేమంగా తిరిగి రాగల తెలివి. ఈ మాట బుక్ చేసుకునేటప్పుడే ఆయనతో చెప్పాలి. "నాకు చేపలు పడకపోయినా పరవాలేదు, నీటిని చదవడం నేర్పండి" అని అడిగితే మంచి గైడ్లు సంతోషిస్తారు. ఆ మాటకు ముఖం చిట్లించేవారితో వెళ్లకపోవడమే మేలు.

గైడ్‌ను ఎంచుకోవడం

టెక్సస్‌లో మోటారు లేని పడవల మీద ఉప్పునీటిలో డబ్బు తీసుకుని వేటకు తీసుకువెళ్లేవారికి రాష్ట్ర పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ ప్రత్యేకంగా ప్యాడిల్ క్రాఫ్ట్ గైడ్ లైసెన్సు ఇస్తుంది. దాన్ని పొందాలంటే తీరప్రాంత కయాకింగ్‌లో గుర్తింపు పొందిన శిక్షణ, ప్రథమ చికిత్స, సి.పి.ఆర్. ధ్రువపత్రాలు ఉండాలి. ఆ లైసెన్సు ఉందా అని అడగడానికి మొహమాటపడనవసరం లేదు. ఉన్నవారు వెంటనే చూపిస్తారు.

తరువాత అడగవలసినవి కొన్ని ఉన్నాయి. ఆ రోజు మీరు ఒక్కరేనా, లేక ఎవరో తెలియని మరో ఇద్దరు ముగ్గురితో కలుపుతారా? ఒక్కరే అయితే మొత్తం రుసుము మీ మీదే పడుతుంది. అయినా తొలిసారికి అదే మంచిదని నా అనుభవం, ఎందుకంటే నలుగురిలో వేగంగా తెడ్డు వేయలేని మనిషి వెనుకబడిపోతాడు, గైడ్ దృష్టి చేప తగిలిన వాడి మీద ఉంటుంది. గాలి ఎక్కువైతే ఎవరు రద్దు చేస్తారు, ముందు కట్టిన సొమ్ము వాపసు ఇస్తారా, మరో రోజుకు మారుస్తారా అన్నది రెండో ప్రశ్న. "గాలి ఎంతున్నా వెళ్దాం" అనే గైడ్ ధైర్యవంతుడేమో గానీ మీకు తగినవాడు కాడు. ఇక మోటారు పడవ మీద కయాక్‌లను ఎక్కించి దూరపు తావుల్లో దింపే పద్ధతి కూడా ఒకటుంది. చేపలు ఎక్కువ పడవచ్చు కానీ ఆ తావులకు రేపు మీరు ఒక్కరే తెడ్డు వేసుకుని వెళ్లలేరు కాబట్టి నేర్చుకునేవారికి దానివల్ల ప్రయోజనం తక్కువ. రేవు నుంచి తెడ్డు మీదనే బయలుదేరే ప్రయాణాన్నే అడగండి.

సాధారణంగా కయాక్, తెడ్డు, లైఫ్ జాకెట్, గాలం కర్రలు, ఎరలు గైడే తెస్తారు. మీ వంతు లైసెన్సు, నీళ్లు, పొడుగు చేతుల చొక్కా, టోపీ, పోలరైజ్డ్ కళ్లద్దాలు. ఈ చివరి దాన్ని చాలామంది అలంకారం అనుకుంటారు. నీటి మీది మెరుపును తొలగించి అడుగున ఉన్న గడ్డినీ చేపనూ చూపించేవి ఆ అద్దాలే. మంచి కర్ర లేకపోయినా వేట సాగుతుంది గానీ అవి లేకుండా సాగదు. రోజు చివర గైడ్‌కు రుసుములో 15 నుంచి 20 శాతం టిప్ ఇవ్వడం ఇక్కడి ఆనవాయితీ.

లైసెన్సు, కొలతలు

పదిహేడేళ్లు నిండిన ప్రతివారికీ ఫిషింగ్ లైసెన్సు, దానితోపాటు ఉప్పునీటి ఎండార్స్‌మెంటు అనే అదనపు అనుమతి ఉండాలి. టెక్సస్‌లో ఆరు నెలలకు మించి ఎడతెగకుండా నివసిస్తున్నవారు ఏ వీసా మీద ఉన్నా స్థానిక నివాసి ధరకే కొనుక్కోవచ్చు. ఇది తెలియక బయటి రాష్ట్రాలవారి ధర కట్టినవారిని నేను చూశాను. లైసెన్సు సంవత్సరం సెప్టెంబర్ 1న మొదలై ఆగస్టు 31తో ముగుస్తుంది కాబట్టి జూలైలో వార్షిక లైసెన్సు కొంటే కొద్ది వారాలే పనికొస్తుంది. అలాంటప్పుడు ఒకరోజు లైసెన్సు గానీ, కొన్న రోజు నుంచి ఏడాదిపాటు చెల్లేది గానీ తీసుకోవాలి.

ఇక్కడ ప్రధానంగా వెతికేది రెడ్‌ఫిష్‌ను. రాగి రంగు ఒళ్లు, తోక మొదట్లో నల్లని చుక్క దాని గుర్తులు. 20 అంగుళాల కంటే తక్కువ, 28 అంగుళాల కంటే ఎక్కువ ఉన్నదాన్ని వదిలేయాలి. ఆ మధ్య కొలతలో రోజుకు 3 ఉంచుకోవచ్చు. 28 దాటిన చేపను ఉంచుకోవడానికి ఒక్కటే మినహాయింపు, లైసెన్సుతో వచ్చే ట్యాగును దానికి కట్టాలి. ఈ పైహద్దు ఎందుకంటే, రెడ్‌ఫిష్ తొలి మూడు నాలుగేళ్లు బేలలో, అంటే దీవుల వెనుక లోతు తక్కువ ఉప్పునీటిలో పెరిగి, ఆపైన మెక్సికో గల్ఫ్‌లోకి వెళ్లిపోయి గుడ్లు పెట్టే తల్లిచేపల గుంపులో చేరుతుంది. అక్కడ దశాబ్దాల పాటు బ్రతకగలదు. పెద్ద చేపను చంపితే పోయేది ఆ ఒక్క చేప మాత్రమే కాదు. స్పెకల్డ్ ట్రౌట్ నియమం 2024 నుంచి కఠినమైంది: 15 నుంచి 20 అంగుళాల మధ్యవి రోజుకు 3. 2021 ఫిబ్రవరి మంచు తుపానులో టెక్సస్ తీరమంతటా కలిపి 38 లక్షల చేపలు చనిపోయాయని శాఖ లెక్కగట్టింది. చలికి ఎక్కువగా దెబ్బతినే ట్రౌట్ మీద ఇంత జాగ్రత్త అవసరమైందంటే ఆశ్చర్యం లేదు. ఫ్లౌండర్‌ను నవంబర్ 1 నుంచి డిసెంబర్ 14 వరకు అసలు ఉంచుకోరాదు. ఈ అంకెలు ఏటా మారే అవకాశం ఉంటుంది కాబట్టి వెళ్లే ముందురోజు శాఖవారి ఔట్‌డోర్ యాన్యువల్ అనే నియమాల సంకలనంలో సరిచూసుకోవాలి. కొలిచేటప్పుడు చేప నోరు మూసి, తోకను దగ్గరికి నొక్కి, ముక్కు నుంచి తోక చివరి వరకు చూస్తారు.

గాలి

కయాక్ మీద చేసే ఈ వేటను ఇన్‌షోర్ వేట అంటారు. ఇన్‌షోర్ అంటే బయటి సముద్రం కాదు. తీరం పొడవునా అడ్డుగా ఉన్న బారియర్ దీవుల వెనుక ఉన్న బేలు, మడ చెట్ల మధ్య కాలువలు, మోకాలి లోతు మించని గడ్డి తిన్నెలు అన్నీ దానిలోకి వస్తాయి. మన కాకినాడ తీరంలో పోటు పాటుల తేడా కంటికి స్పష్టంగా కనిపిస్తుంది. ఇక్కడి బేలలో మాత్రం చాలా రోజులు అది ఒక అడుగు అటూ ఇటూగానే ఉంటుంది. అందువల్ల నీరు ఎంత ఉంటుందో, ఎటు కదులుతుందో తేల్చేది సగానికి సగం గాలే. ఆగ్నేయపు గాలి కొన్ని రోజులు బలంగా వీస్తే బేలలో నీరు పెరుగుతుంది. శీతకాలపు ఉత్తరగాలి దిగిందంటే ఆ నీటినే బయటికి తోసేస్తుంది. నిన్న కయాక్ తేలిన చోట ఈరోజు బురద కనిపిస్తుంది. అప్పుడు చేపలు కూడా తిన్నెలను వదిలి పక్కనున్న లోతు కాలువల్లోకి దిగిపోతాయి.

గైడ్ లేని తొలి ప్రయాణంలో నేను చేసిన తప్పు ఈ గాలి దగ్గరే. ఉదయం ఆరున్నరకు నీరు అద్దంలా ఉంది. మంద్రంగా వీస్తున్న ఆగ్నేయపు గాలి వీపు మీద తగులుతుంటే, తెడ్డు వేయకుండానే కయాక్ దానంతటదే పోతుంటే, ఎంత హాయిగా ఉందో అనుకుంటూ రెండు మైళ్లు వెళ్లిపోయాను. పదకొండు గంటలకు అదే గాలి 18 మైళ్ల వేగం అందుకుంది. తిరుగు ప్రయాణానికి మూడున్నర గంటలు పట్టింది. తెడ్డు వేయడం ఆపి మంచినీళ్లు తాగిన ప్రతిసారీ కయాక్ వెనక్కి కొట్టుకుపోవడం, ఒడ్డున గుర్తు పెట్టుకున్న ఒక కర్ర మళ్లీ పక్కకే రావడం ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. తరువాత గైడ్‌తో వెళ్లినప్పుడు ఆయన చేసిన మొదటి పని రేవులో నిలబడి నాలుగు గడ్డిపరకలు తుంచి గాలిలోకి వదలడం. అవి పడిన దిక్కుకు వీపు పెట్టి, "మనం గాలికి ఎదురుగా వెళ్దాం. అలసిపోయాక గాలే ఇంటికి తెస్తుంది" అన్నారు.

ఆ నియమాన్ని ఒంటరి మనిషి తప్పకూడదు. వేసవి నెలల్లో తెల్లవారి నెమ్మదిగా ఉండే గాలి మధ్యాహ్నానికి పెరగడం ఈ తీరంలో దాదాపు నిత్యకృత్యం. నేషనల్ వెదర్ సర్వీస్ కార్పస్ క్రిస్టి కార్యాలయం ఇచ్చే సముద్ర వాతావరణ సూచనలో గాలి నాట్లలో ఉంటుందని, ఒక నాట్ అంటే గంటకు 1.15 మైళ్లని గుర్తుంచుకోవాలి. 15 మైళ్లు దాటుతుందంటే కొత్తవారు ఇంట్లో ఉండటం మంచిది. మీ గైడ్‌ను ఆ ఉదయం ఏ సూచన చూశారో, ఏ అంకె దగ్గర రద్దు చేసేవారో అడిగి తెలుసుకోండి. అది ఆ రోజు మొత్తంలో మీకు దొరికే విలువైన సమాచారాల్లో ఒకటి.

కయాక్, నీట పడటం

ఈ పనికి పైన కూర్చునే రకం, అంటే సిట్ ఆన్ టాప్ కయాక్ కావాలి. సుమారు 12 అడుగుల పొడవు, 30 అంగుళాలకు పైగా వెడల్పు ఉంటే స్థిరంగా ఉంటుంది. కాళ్లతో తొక్కేవి దూరప్రయాణానికి బాగుంటాయి గానీ గడ్డి తిన్నెల మీద వాటి రెక్కలకు గడ్డి చుట్టుకుంటుంది. పైగా టెక్సస్ తీరజలాల్లో పడవ ప్రొపెల్లర్‌తో సముద్రపు గడ్డిని వేళ్లతో సహా పెకలించడం చట్టవిరుద్ధం. ఆ గడ్డి లేకపోతే రొయ్య పిల్లలకు, పీత పిల్లలకు నీడ ఉండదు, వాటిని తినే చేపలకు తిండి ఉండదు. లోతు తక్కువ నీటిలో తెడ్డు, లేదా పొడవాటి గడకర్ర చాలు.

లైఫ్ జాకెట్ కయాక్‌లో ఉంటే చట్టానికి సరిపోతుంది. పదమూడేళ్ల లోపు పిల్లలకే ధరించడం తప్పనిసరి. ఒంటరి మనిషికి మాత్రం ఆ తేడా లేదు, రేవులో వేసుకున్న జాకెట్‌ను మళ్లీ రేవులోనే విప్పాలి. కయాక్ వీపు ఆనించే కుర్చీకి తగలకుండా, వెనుక భాగం ఎత్తులో ఉండే రకం దొరుకుతుంది. దానికి ఒక ఈల తగిలించుకోవాలి. తెడ్డును తాడుతో కయాక్‌కు కట్టేయాలి. చేప తగిలిన ఆవేశంలో తెడ్డు నీళ్లలోకి జారడం అందరికీ జరిగేదే.

గైడ్‌తో ఉన్న రోజున తప్పక అడిగి చేయవలసిన అభ్యాసం ఒకటుంది. రేవు దగ్గర నడుము లోతు నీటిలో, కర్రలన్నీ ఒడ్డున పెట్టి, కయాక్‌ను మీ చేతులతో మీరే తిరగేయాలి. తరువాత బోర్లాపడిన పడవ అడుగు మీదకు చేయి చాచి, అవతలి అంచును పట్టి మీ వైపుకు లాగి సరిచేయాలి. పడవ నడిమి భాగానికి ఎదురుగా నిలిచి, కాళ్లను ఈత కొట్టినట్టు వెనక్కి తన్నుతూ, ఒక్క ఊపుతో పొట్టను పడవ మీదకు చేర్చాలి. పొట్ట మీద పడుకున్నాక నిదానంగా తిరిగి పిరుదుల మీద కూర్చోవాలి. చివరగా కాళ్లు లోపలికి. ముందు పొట్ట, తరువాత పిరుదులు, ఆఖరున పాదాలు అని ఇక్కడివారు పిల్లలకు కూడా ఇలాగే నేర్పుతారు. నేను మొదటిసారి మోకాలు ముందు పెట్టి ఎక్కబోయి రెండుసార్లు మళ్లీ నీళ్లలో పడ్డాను. మూడోసారి గైడ్ నవ్వు ఆపుకుంటూ కయాక్ అవతలి అంచు పట్టుకోబోతే వద్దన్నాను. రేపు నేను ఒక్కడినే ఉన్నప్పుడు ఆ చేయి ఉండదు కదా.

అన్నీ చేయి చాచితే అందేలా అమర్చుకోవడం కూడా అప్పుడే నేర్చుకోవాలి. ప్లయర్స్ జాకెట్‌కు, చేతివల కుర్చీ వెనుక, ఫోను నీరు చొరని సంచిలో ఒంటి మీద. ఫోను పడవకు కట్టి ఉంటే, పడవ కొట్టుకుపోయినప్పుడు అదీ పోతుంది.

సరంజామా గురించి ఎక్కువ చెప్పను. ఏడు అడుగుల మీడియం కర్ర, 2500 లేదా 3000 సైజు స్పిన్నింగ్ రీల్, 10 నుంచి 15 పౌండ్ల బలం గల బ్రెయిడ్, అంటే అల్లిన దారం, దాని చివర రెండు అడుగుల 20 పౌండ్ల ఫ్లోరోకార్బన్ లీడర్ అనే దారం ముక్క సరిపోతాయి. ఎరల్లో పావు ఔన్సు బంగారు రంగు స్పూను అనే రేకు ఎర, తోక ఆడించే మెత్తని ప్లాస్టిక్ చేప, నీటిని గుటుక్కుమనిపించే పాపింగ్ కార్క్ కింద రొయ్య, ఈ మూడూ ఉంటే సంవత్సరమంతా గడుస్తుంది. చివరిది మన బెండు గాలానికి అన్నగారు. బ్రెయిడ్‌నూ లీడర్‌నూ కలిపే డబుల్ యూని ముడిని ఇంట్లో లైటు తీసేసి వేయగలిగేంత వరకు అభ్యాసం చేయండి.

తెల్లవారి తిన్నె మీద

లైట్‌హౌస్ లేక్స్ రేవు 361వ నంబరు రాష్ట్ర రహదారి పక్కనే ఉంది. అక్కడి నుంచి తిన్నెల్లోకి చేరాలంటే మోటారు పడవలు తిరిగే కాలువను అడ్డంగా దాటాలి. అటూ ఇటూ చూసి, రెండు పడవల మధ్య బాగా ఎడం ఉన్నప్పుడు, ఏటవాలుగా కాకుండా సూటిగా, ఆగకుండా దాటాలి. చీకటి ఉండగా బయలుదేరితే తెల్లని దీపం అవసరం. పెద్ద పడవలకు కయాక్ కనిపించదన్న లెక్కతోనే నడవాలి. అవతల నల్లమడ చెట్ల గుబుర్ల మధ్య సన్నని దారులు చిక్కుపడి ఉంటాయి. దారి చూపే నంబర్ల కొయ్యలు ఉన్నా, ప్రతి మలుపూ వెనుకటి మలుపులాగే కనిపిస్తుంది. దూరాన 1857లో కట్టిన లిడియా ఆన్ దీపస్తంభం ఎర్ర ఇటుకలతో నిలబడి ఉంటుంది. అది ఏ భుజం వైపు ఉందో గమనిస్తూ వెళ్లడం గైడ్ నాకు నేర్పిన అలవాటు. బయలుదేరే ముందు ఫోనులో జి.పి.ఎస్. దారి నమోదును ఆన్ చేస్తే, మరోసారి ఒంటరిగా వచ్చినప్పుడు ఆ గీతే మీ వెంట వస్తుంది. అయితే గైడ్ చూపిన తావులను అందరికీ పంచిపెట్టడం మర్యాద కాదు, అది ఆయన బ్రతుకుతెరువు.

తిన్నె మీదకు చేరాక గైడ్ తెడ్డు వేయడం ఆపేస్తారు. కొత్తవారికి అర్థం కాని నిశ్శబ్దం అది. ముందు చూడాలి. ముల్లెట్లు, గోదావరి జిల్లాల్లో మనం కొయ్యింగలు అనే చేపలు, గుంపుగా కదులుతున్నాయా? అవి ఉన్నట్టుండి బెదిరి గాలిలోకి చిమ్మితే కింద వేటాడే చేప ఉన్నట్టు. కొంగలు ఒకే ఒడ్డున వరుసగా నిలబడి మెడలు చాచి పొడుస్తున్నాయా? అక్కడ రొయ్యలున్నాయి. నీటిపై గాలి రేపిన అలలకు ఎదురుగా కదిలే మరో సన్నని అల కనిపిస్తోందా? దాని ముందు చేప ఉంది. వీటన్నిటికంటే గుండెను ఆపేసేది తోక. రెడ్‌ఫిష్ నోరు కిందివైపుకు ఉంటుంది కాబట్టి బురదలో పీతను వెతికేటప్పుడు తల కిందికి దించుతుంది. నీరు అడుగున్నర లోతే ఉంటే తోక పైకి లేస్తుంది. ఉదయపు ఏటవాలు వెలుగులో, రాగి రేకు ముక్కలా, అంచు నీలంగా మెరుస్తూ అది నెమ్మదిగా ఊగుతుంది, మునుగుతుంది, రెండడుగుల అవతల మళ్లీ లేస్తుంది.

ఇక్కడ గైడ్ మాట గడియారంలా ఉంటుంది. మీ కయాక్ ముక్కు పన్నెండు గంటలు, కుడిచేయి మూడు, ఎడమచేయి తొమ్మిది. "పది గంటలు, నలభై అడుగులు, ఎడమకు పోతోంది" అని ఆయన గుసగుసగా చెబితే మీరు తల తిప్పి వెతుక్కోనవసరం లేకుండా ఆ వైపు విసరగలగాలి. రేవు దగ్గరే ఐదు నిమిషాలు దీన్ని సాధన చేయమని అడగండి, నలభై అడుగులంటే ఎంతో కంటికి అలవాటు కావాలి. ఎరను చేప నెత్తిన వేస్తే పారిపోతుంది. అది వెళ్తున్న దారికి మూడు నాలుగు అడుగుల ముందు, కాస్త అవతలగా పడేసి, చేప ముక్కు ముందు నుంచి అడ్డంగా లాక్కురావాలి. పెద్ద చేపను తరుముతున్న పీత లోకంలో ఎక్కడా ఉండదు. ఎర ఎప్పుడూ చేప నుంచి దూరంగా పారిపోతున్నట్టు ఉండాలి. తెడ్డు పడవకు తగిలి టక్కుమన్నా, కాలి కింద డబ్బా జరిగినా తిన్నె ఖాళీ అయిపోతుంది.

చేప తగిలాక కర్రను పక్కకు కాకుండా పడవ ముక్కు వైపుకు పట్టాలి. పక్కకు లాగితే ఏడెనిమిది పౌండ్ల చేప కూడా పడవను వంచుతుంది. ముక్కు వైపు లాగితే పడవను వెంట ఈడ్చుకుపోతుంది, మీరు ఊరక కూర్చుంటే చాలు, ఆ బరువుకే అది అలసిపోతుంది. రీల్ డ్రాగును, అంటే చేప లాగినప్పుడు దారం జారనిచ్చే బిగింపును, దారం బలంలో మూడో వంతుకు మించి బిగించకూడదు. దగ్గరకు వచ్చాక కర్రను అవతలి చేతిలోకి మార్చుకుని, చేప ఉన్న వైపు చేయి వలకు ఖాళీగా ఉంచుకోవాలి. మొదటిసారి వల చూడగానే రెడ్‌ఫిష్ మళ్లీ ఒకసారి పరుగు తీస్తుంది, అప్పుడు కంగారుపడి పట్టుకోబోతేనే దారం తెగుతుంది. ఈ ఆఖరి పదడుగుల పని గైడ్ తన చేత్తో చేసిపెట్టబోతారు. వద్దని చెప్పి మీరే చేయండి. రెండు చేపలు తప్పిపోయినా పరవాలేదు.

వదిలేసే చేపను నీటిలోనే ఉంచి గాలం తీయడం మంచిది. గాలపు ముల్లును ముందే ప్లయర్స్‌తో నొక్కేస్తే తీయడం క్షణాల పని. వేసవిలో అలసిన చేపను కింది పెదవి దగ్గర పట్టి, నిలువుగా వేలాడదీయకుండా, నీటిలో కాసేపు ఉంచాలి. తనంతట తాను తోక విదిల్చి పోయేదాకా వదలకూడదు.

దిగి నడిచేటప్పుడు

చాలామంది తిన్నె మీద కయాక్‌కు గుంజ పాతి, దిగి నడుస్తూ గాలం వేస్తారు. అడుగు ఎత్తి వేయకూడదు, పాదాన్ని నేలకు ఆనించి జరుపుతూ నడవాలి. మన తీరంలో టేకు చేప (స్టింగ్‌రే) అనే రకం ఇక్కడ ఇసుకలో కప్పుకుని పడుకుంటుంది. పాదం పక్కకు తగిలితే లేచిపోతుంది, పైన తొక్కితే తోక ముల్లు దించుతుంది. ఆ పోటుకు వెంటనే చేయవలసినది భరించగలిగినంత వేడినీటిలో పాదాన్ని ముంచడం, ఆపైన వైద్యుడి దగ్గరకు వెళ్లడం. గాలానికి తరచూ తగిలే హార్డ్‌హెడ్ అనే చేప మన జెల్ల లాంటిది, దాని రెక్క ముళ్లలోనూ విషం ఉంటుంది కాబట్టి చేత్తో పట్టుకోకండి. ఆల్చిప్పల మేటలు కత్తుల్లా కోస్తాయి. వేడి నెలల్లో ఈ నీటిలో విబ్రియో అనే బాక్టీరియా ఉంటుంది. మధుమేహం, కాలేయ సమస్య ఉన్నవారికి చిన్న గాటు కూడా ప్రాణాంతకం కావచ్చు. ఒంటి మీద మానని పుండు ఉంటే ఆ వారం వెళ్లవద్దు. మూసి ఉండే బూట్లు తప్పనిసరి. ఉరుము వినిపించిందంటే గైడ్ చెప్పేదాకా ఆగకుండా ఒడ్డుకు మళ్లాలి, ఎందుకంటే ఆ తిన్నెల మీద అన్నిటికంటే ఎత్తైనది మీరూ మీ చేతిలోని గ్రాఫైట్ కర్రానే.

ఇంట్లోవారికి ఏ రేవు నుంచి వెళ్తున్నదీ, కారు ఎక్కడ ఆపేదీ, ఎన్ని గంటలకు ఫోను చేసేదీ కాగితం మీద రాసిపెట్టాలి. ఆ సమయం దాటి గంటయినా ఫోను రాకపోతే ఎవరికి చెప్పాలో కూడా అందులోనే ఉండాలి. గైడ్ ఉన్న రోజున కూడా ఇది రాయడం మొదలుపెడితే లేని రోజున మరిచిపోరు.

తిరిగి వచ్చాక

ఉంచుకున్న చేపలను తాడుకు గుచ్చి నీటిలో వేలాడదీస్తే డాల్ఫిన్లకు, సొరచేపలకు విందు. మంచు వేసిన సంచిలో పడవ మీదనే ఉంచుకోవాలి. కొలత నియమం ఉన్న చేపలకు నీటి మీద తల, తోక తీయకూడదు, ఒడ్డుకు చేరి శుభ్రం చేసుకోవాలి. రెడ్‌ఫిష్ పొలుసు గోరంత మందంగా ఉంటుంది. దాన్ని ఒలవడానికి తంటాలు పడకుండా ఇక్కడివారు ముక్కను పొలుసుతోనే నిప్పుల మీద పెట్టి, పైనుంచి మాంసం తీసుకుని తింటారు. ఆ పద్ధతికి నిమ్మరసం, కారం, వెల్లుల్లి పట్టిస్తే మనకు కొత్తగా ఏమీ అనిపించదు. పులుసుకైతే చిన్నసైజు రెడ్‌ఫిష్ బాగుంటుంది, ముక్క గట్టిగా నిలుస్తుంది. ట్రౌట్ పులుసులో చెదిరిపోతుంది, వేపుడుకే దాన్ని వాడండి.

రీళ్లనూ కర్రలనూ మంచినీటితో, ధార గట్టిగా కొట్టకుండా, తుంపరగా కడగాలి. జోరుగా కొడితే ఉప్పు లోపలికి పోతుంది. ఆ సాయంత్రమే, నిద్ర ముంచుకొస్తున్నా, ఒక పుస్తకంలో ఆ రోజు వివరాలు రాసుకోవాలి. తేదీ, గాలి దిక్కు, వేగం, నీరు పెరుగుతోందా తగ్గుతోందా, నీటి రంగు, మొదటి తోక ఎన్ని గంటలకు కనిపించింది, ఏ ఎరకు తగిలింది, గైడ్ ఎక్కడ ఆగారు, అక్కడే ఎందుకు ఆగారు. చివరి ప్రశ్నకు జవాబు గుర్తులేకపోతే మరునాడు ఫోను చేసి అడగండి. నేను అలా అడిగినప్పుడు ఆయన కాసేపు ఆలోచించి, "రాత్రి ఉత్తరగాలి నీటిని తోసేసింది, తిన్నె అంచున ఆ ఒక్క గుంటలోనే రెండడుగుల నీరు మిగిలింది" అన్నారు. తరువాతి డిసెంబరులో ఉత్తరగాలి వెలిసిన రెండోరోజు నేను ఒక్కడినే ఆ గుంట దగ్గరకు వెళ్లాను. తిన్నె మీద పాదం మునిగేంత నీరే ఉంది, గుంటలో మాత్రం కొయ్యింగలు ఒత్తుకుని తిరుగుతున్నాయి.